రాసుకున్నది ఎక్కడికీ పోకూడదు



ఇంజనీరింగు సీట్ల కోసం వెబ్ ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో ప్రొద్దుటూరులోని ఇంటర్నెట్ సెంటర్లు పొద్దున్నించే కిటకిటలాడుతుంటాయి. రాజుపాళెం, చాపాడు, మైదుకూరు వైపు నుంచి పిల్లలు తండ్రుల్ని వెంటబెట్టుకుని వస్తారు. జమ్మలమడుగులోనూ పులివెందులలోనూ అదే సందడి. పిల్ల చేతిలో మడతపెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత, ఏ బ్రాంచి వస్తే చేరాలి, ఏది వస్తే వద్దనుకోవాలి అని ఇంటిల్లిపాదీ కూర్చుని, బంధువుల్లో చదువుకున్నవాళ్ళను అడిగి రాసుకున్న వరస అది. ఆ వరసంతా స్క్రీను మీదికి ఎక్కించాలి. ఒక్కో కాలేజీ ఎదుట ఒక్కో గడి, ఆ గడిలో ఒక అంకె. కొందరికి యాభై, కొందరికి వంద దాటుతాయి. సగం అయ్యాక కరెంటు పోవచ్చు. నెట్టు ఆగిపోవచ్చు. ఏమీ జరగకుండానే పేజీ మళ్ళీ లాగిన్ అడగవచ్చు. లాగిన్ అయి చూస్తే గడులన్నీ ఖాళీ.

"ఏందన్నా, అంతా పోయిందే!" అంటుంది ఆ పాప.

"సేవ్ కొట్టలేదా పాపా?" అంటాడు సెంటరు నడిపే అతను, పక్క సిస్టం మీదినుంచి తల తిప్పకుండానే. తండ్రి ఏమీ అనడు. కూతురి వైపు చూస్తాడు, అంతే.

ఆ ప్రశ్న గురించే ఈ పూట నేను మాట్లాడాలనుకుంటున్నాను. అడిగినతను చెడ్డవాడు కాడు, రోజుకు ఎంతోమందిని చూస్తాడు కాబట్టి అలవాటుగా అడిగాడు. కానీ ఆ ప్రశ్నతోనే తప్పు ఆ పిల్ల నెత్తిన పడిపోయింది. ఆమె ప్రతి అంకెనూ తన చేత్తో కొట్టింది. కొట్టిన ప్రతి అంకె కంప్యూటరుకు అందింది, అందింది కాబట్టే స్క్రీను మీద కనిపించింది. అందుకున్నదాన్ని పారేసింది కంప్యూటరు. మరి ఎందుకు పారేశావని దాన్నిగానీ, దానికి ఆ బుద్ధి నేర్పినవాళ్ళనుగానీ అడిగేవాళ్ళు లేరు. మనిషి టైపు చేసిన మాట ఆ మనిషిది. దాన్ని కాపాడే పని స్క్రీను తయారుచేసినవాళ్ళది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ప్రొద్దుటూరు వ్యాపారుల ఊరు. బంగారం, బట్టలు, పత్తి అంటూ తరతరాలుగా లెక్కలు రాసిన ఊరు. పాతకాలపు అంగట్లో రెండు పుస్తకాలుండేవి, చిట్టా, ఆవర్జా. బేరం జరిగిన క్షణంలో, జరిగింది జరిగినట్టు చిట్టాలో పడేది. సాయంత్రం తీరుబడిగా కూర్చుని, సరిచూసుకుని, ఎవరి ఖాతా కింద ఏది వెళ్ళాలో అది ఆవర్జాలోకి ఎక్కేది. చిట్టాలో రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఆలోచన కూడా అక్కర్లేదు. ఆవర్జాలోకి ఎక్కించేటప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. తప్పు పడితే చెరిపేవాళ్ళు కారు. గీత కొట్టి పక్కన సరైన అంకె వేసేవాళ్ళు. గీత కింద పాత అంకె కనిపిస్తూనే ఉండాలి, లేకుంటే ఆ పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

నేటి ఫారాలకు కావలసింది సరిగ్గా ఈ రెండు పుస్తకాల పద్ధతే. టైపు చేస్తున్నంతసేపూ ఎవరూ అడగకుండానే చిట్టాలో పడుతూ ఉండాలి. "ఇదే నా నిర్ణయం" అన్నప్పుడు మాత్రమే ఆవర్జాకు పోవాలి. చాలా వెబ్ పేజీల్లో చిట్టా అన్నదే లేదు. ఒకే ఒక సేవ్ బటన్ ఉంటుంది. నొక్కకపోతే అసలేమీ మిగలదు, నొక్కితే అదే తుది మాట అయి కూర్చుంటుంది.

వెబ్ ఆప్షన్ల విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. గడువు ముగిసేనాటికి సేవ్ అయి ఉన్న వరసనే సీట్ల కేటాయింపుకు తీసుకుంటారు. ఒక పిల్లవాడు మూడో స్థానంలో ఉన్న కాలేజీని తీసి పదో స్థానానికి మారుద్దామనుకున్నాడు. తీశాడు, ఇంకా పెట్టలేదు, ఇంతలో నెట్టు పోయింది. అన్నింటినీ వెంటవెంటనే తుది వరసగా సేవ్ చేసే పేజీ అయితే, ఆ సగం మార్చిన వరసే అతని తుది వరస అవుతుంది. ఏమీ సేవ్ చెయ్యని పేజీ అయితే గంట కష్టం గాలికి పోతుంది. అందుకే దానంతట అది సేవ్ అయితే చాలు అనడం సగం జవాబే. చిత్తుప్రతి ఎప్పటికప్పుడు నిలవాలి, తుది ప్రతి మాత్రం అతను "సరే" అన్నాకే మారాలి. స్క్రీను పైన ఒక మూల "మీ చిత్తుప్రతి ఇప్పుడే భద్రపరిచాం, తుది వరస మాత్రం నిన్నటిదే" అని తెలుగులో ఒక్క వాక్యం కనిపిస్తే ఆ ఇంట్లో ఆ రాత్రి అందరూ నిద్రపోతారు.

ప్రొద్దుటూరు అంగళ్ళలో ఇప్పుడు చిట్టాల స్థానంలో ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరు ఉంది. అక్కడ లెక్కలు రాసే పిల్లలకు కంట్రోల్, ఏ నొక్కడం ఊపిరి తీసుకున్నంత అలవాటు. ట్యాలీలో ఆ రెండు మీటలు కలిపి నొక్కితే రాసిన వోచరు ఖాయమవుతుంది. అదే చేయి సాయంత్రం వేరే పని మీద వెబ్ ఫారం నింపుతుంది. పెద్ద గడిలో నాలుగు వాక్యాలు రాసి, అలవాటుగా కంట్రోల్, ఏ నొక్కుతుంది. ఇక్కడ ఆ మీటల అర్థం వేరు, గడిలో ఉన్నదంతా ఎంపికవుతుంది. ఆ తర్వాత ఏ అక్షరం తగిలినా రాసిందంతా పోయి ఆ ఒక్క అక్షరం మిగులుతుంది. ఇది అజాగ్రత్త కాదు, ఒకచోట నేర్చుకున్న నైపుణ్యం ఇంకోచోట ఎదురు తిరగడం. అప్పుడు చెయ్యవలసింది కంట్రోల్, జెడ్ నొక్కడం. చాలా బ్రౌజర్లలో పోయిన వాక్యాలు అక్కడికక్కడే తిరిగి వస్తాయి. ఈ ఒక్క సంగతి తెలియక మొత్తం మళ్ళీ రాసినవాళ్ళు చాలామంది ఉంటారు.

గీత కొట్టినా కింద పాత అంకె కనిపించాలన్న మన వ్యాపారుల నియమం ఇప్పుడు చట్టంలో కూడా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలోని కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేరులో ఏ పద్దును ఎప్పుడు మార్చారో నమోదయ్యే ఏర్పాటు ఉండి తీరాలి. దాన్ని ఆపేసే వీలు కూడా ఉండకూడదు. డబ్బు లెక్కకు ఇంత రక్షణ ఇచ్చినప్పుడు, ఒక పిల్ల నాలుగేళ్ళ చదువును తేల్చే వరసకు అంతో ఇంతో రక్షణ అడగడం అత్యాశ కాదు.

ఇదంతా కొత్తగా కనిపెట్టవలసిన విద్య అని ఎవరైనా అంటే నమ్మకండి. ఈ విద్య పుట్టి యాభై ఏళ్ళయింది. 1970ల మధ్యలో అమెరికాలోని కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల ఒకటి ఉండేది. అక్కడ బట్లర్ లాంప్సన్, చార్లెస్ సిమోనీ అనే ఇద్దరు బ్రావో అనే రాత ప్రోగ్రాము తయారుచేశారు. చేసిన పనిని వెనక్కి తీసుకునే ఆజ్ఞ అందులో ఉంది. అంతకంటే నన్ను ఆశ్చర్యపరిచే సంగతి ఇంకొకటి. రాసేవాళ్ళు నొక్కిన ప్రతి మీటనూ బ్రావో ఒక వరసగా దాచిపెట్టేది. కంప్యూటరు మధ్యలో కుప్పకూలితే, ఆ దాచిన మీటల వరసను మొదటి నుంచి మళ్ళీ తనే నడిపించుకుని, ఎక్కడ ఆగిందో అక్కడికి చేరేది. ఆ సిమోనీయే తర్వాత మైక్రోసాఫ్టులో చేరి వర్డ్‌కు పునాది వేశాడు.

అదే పరిశోధనశాలలో లారీ టెస్లర్ ఉండేవాడు. టిమ్ మాట్‌తో కలిసి జిప్సీ అనే రాత ప్రోగ్రాము తయారుచేసి, అందులో కత్తిరించి అతికించే పద్ధతిని రూపొందించాడు. టెస్లర్‌లో నాకు నచ్చేది ఆయన చూసే తీరు. కొత్త మనిషిని తెచ్చి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, ఆ మనిషి చేతులు ఎటు పోతున్నాయో, ఎక్కడ తడబడుతున్నాయో పక్కన కూర్చుని గమనించేవాడు. తడబాటు మనిషి తప్పు కాదు, యంత్రం తప్పు అని అక్కడ తేల్చుకున్నాడు. తర్వాత ఆపిల్ కంపెనీకి వెళ్ళి లీసా అనే కంప్యూటరు మీద పనిచేశాడు. 1983 జనవరిలో అది బయటికి వచ్చింది. ధర పదివేల డాలర్లకు దగ్గర, కొన్నవాళ్ళు తక్కువ. కానీ మన చేతుల్లో ఇప్పుడున్న జెడ్, ఎక్స్, సి, వి మీటల వరస, అంటే వెనక్కి తీసుకో, కత్తిరించు, నకలు తీయి, అతికించు అన్నది అక్కడినుంచి వచ్చిందే. లీసాకు ఇంకో గుణం ఉంది. ఆపే బటన్ నొక్కితే వెంటనే ఆరిపోయేది కాదు. తెరిచి ఉన్న కాగితాలన్నీ ముందు భద్రపరిచి, ఆ తర్వాత ఆరేది. మళ్ళీ వెలిగిస్తే ఏ కాగితం ఎక్కడ ఉందో అక్కడే కనిపించేది. నలభై ఏళ్ళ కిందట వచ్చిన ఆ మర్యాద, ఇవాళ ఒక దరఖాస్తు పేజీకి లేదు.

టెస్లర్ చెప్పిన ఒక సూత్రం ఉంది, ఆయన పేరుతోనే చలామణీలో ఉంది. ప్రతి పనిలోనూ కొంత చిక్కు ఉంటుంది, దాన్ని మాయం చెయ్యలేం, ఆ చిక్కును ఎవరు మొయ్యాలన్నదే ప్రశ్న. వాడేవాళ్ళు మొయ్యాలా, తయారుచేసేవాళ్ళు మొయ్యాలా? ఒక ప్రోగ్రామరు ఒక వారం అదనంగా కష్టపడితే లక్షమందికి తలా పది నిమిషాలు మిగులుతాయనుకుందాం. ఆ వారం ఖర్చు చెయ్యకపోతే ఆ పది లక్షల నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? పొలం పని మానుకుని వచ్చిన తండ్రుల రోజుకూలి నుంచి, పొద్దుగూకితే బస్సు దొరకదని భయపడే పిల్లల నుంచి. ఆ లెక్క ఏ టెండరు కాగితంలోనూ రాయరు కాబట్టి ఎవరికీ కనపడదు.

మరి కంప్యూటర్లకు అప్పుడే వచ్చిన ఈ తెలివి వెబ్ పేజీలకు ఎందుకు రాలేదు? వెబ్ పుట్టుకలోనే కొంత కారణం ఉంది. పేజీ అడిగినప్పుడు సర్వరు ఇస్తుంది, ఇచ్చాక మనల్ని మరిచిపోతుంది. మళ్ళీ అడిగినప్పుడు మనం కొత్తవాళ్ళమే. మనం ఎవరో గుర్తుంచుకోవడానికి సెషన్ అనే ఏర్పాటు పెట్టారు, దానికో గడువు పెట్టారు. గడువు పెట్టడంలో న్యాయం ఉంది, మనం లేచిపోయాక పక్కవాళ్ళు మన పేరుతో ఏదైనా చేసేస్తారేమోనన్న భయం నిజమైనదే. కానీ గడువు తీరితే మనిషి గుర్తింపును మళ్ళీ అడగాలిగానీ, మనిషి రాసినదాన్ని పారెయ్యడం ఎందుకు? ఆ రెండూ వేరు వేరు పనులు. వాటిని ఒకే ముడిగా కట్టేశారు, అంతే.

పైగా వెబ్ ఫారాలకు మొదటినుంచీ ఒక బటన్ అంటుకుని ఉంది, రీసెట్. 1995లో ప్రకటించిన హెచ్‌టీఎంఎల్ 2.0 ప్రమాణంలోనే అది ఉంది. నొక్కితే ఫారం మొదటి స్థితికి వెళ్ళిపోతుంది. సబ్మిట్ పక్కనే, అదే సైజులో, అదే రంగులో కూర్చునేది. ఒక వేలు అటుపక్కకు జారితే చాలు. జేకబ్ నీల్సన్ అనే వాడుక సౌలభ్య నిపుణుడు 2000 సంవత్సరంలోనే ఈ బటన్‌ను చాలా ఫారాల నుంచి తీసెయ్యమని రాశాడు. దాని అవసరం ఎవరికో ఎప్పుడో వస్తుంది, దాని హాని మాత్రం రోజూ జరుగుతుంది. ఇరవై ఐదేళ్ళు దాటినా మన దరఖాస్తు పేజీల్లో అది ఇంకా కనిపిస్తూనే ఉంది. ఒకప్పుడు కొన్ని బ్రౌజర్లలో వెనక్కి చెరిపే బ్యాక్‌స్పేస్ మీట నొక్కితే, కర్సరు గడిలో లేకపోతే, ఏకంగా వెనకటి పేజీకి వెళ్ళిపోయేది, నింపింది పోయేది. ఇలా నింపినవి పోగొట్టుకుంటున్నవాళ్ళను చూసి 2016లో గూగుల్ క్రోమ్ ఆ అలవాటును తీసేసింది. అంటే పట్టించుకుంటే మార్పు వస్తుంది.

మాటల విషయం కూడా చెప్పాలి. ఆప్షన్లు పెట్టి బయటికి వెళ్ళేటప్పుడు ఇలాంటి పేజీలు మూడు దారులు చూపించడం ఉంది. సేవ్ చేసి లాగౌట్, కన్ఫర్మ్ లాగౌట్, క్యాన్సిల్ లాగౌట్. వీటిలో రెండోది నొక్కితే ఏమవుతుంది? చివరిసారి సేవ్ చేసిన తర్వాత పెట్టినవన్నీ పోతాయి. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లకు కన్ఫర్మ్ అన్న మాట ఎలా వినిపిస్తుంది? ఖాయం చెయ్యి అని వినిపిస్తుంది. తను పెట్టినవన్నీ ఖాయం అవుతాయనుకుని ధైర్యంగా నొక్కుతుంది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళయినా ఆ తొందరలో అలాగే అనుకుంటారు. "పెట్టిన ఆప్షన్లు వదిలేసి బయటికి వెళ్ళు" అని రాయడానికి అయిదారు మాటలు చాలు.

తుడిచేసే బటన్ల దగ్గర ఇంకొక దురభ్యాసం ఉంది. "నిజంగా తుడిచేయాలా? అవును, కాదు" అని ఒక పెట్టె పైకి లేస్తుంది. రక్షణ ఇచ్చేశాం అని తయారుచేసినవాళ్ళు అనుకుంటారు. కానీ రోజుకు పాతికసార్లు ఇలాంటి పెట్టెలు ఎదురయ్యే మనిషి వాటిని చదవడం మానేస్తాడు. వేలు తనంతట తనే "అవును" మీదికి పోతుంది. అడ్డుకోవలసిన సమయానికి పెట్టె అడ్డుకోలేదు. ఏజా రాస్కిన్ అనే రూపకర్త 2007లో దీని మీద ఒక వ్యాసం రాశాడు. హెచ్చరించడం కాదు, వెనక్కి తీసుకునే వీలు ఇవ్వండి అన్నది ఆయన వాదం. ఆయన తండ్రి జెఫ్ రాస్కిన్, మాకింటాష్ కంప్యూటరు పనిని మొదలుపెట్టిన మనిషి, అంతకుముందే 2000లో తన పుస్తకంలో ఇంకా సూటిగా చెప్పాడు. మనిషి చేసిన పనికి కంప్యూటరు హాని చెయ్యకూడదు, తను చేతులు ముడుచుకుని కూర్చున్నందువల్ల హాని జరగనివ్వనూ కూడదు అని ఆయన భావం.

ఇది కేవలం సిద్ధాంతం కాదు, మనం రోజూ వాడేదే. జీమెయిల్‌లో ఉత్తరం పంపాక కొన్ని సెకన్లు వెనక్కి తీసుకునే వీలు ఉంటుంది. 2009లో ప్రయోగంగా మొదలై 2015లో అందరికీ వచ్చింది, గరిష్ఠంగా 30 సెకన్లు. నిజానికి ఉత్తరం వెళ్ళి వెనక్కి రాదు, ఆ కాసేపు అది బయలుదేరదు, అంతే. "మొత్తం తుడిచెయ్యి" బటన్‌కు కూడా ఇదే చెయ్యవచ్చు. గడులు ఖాళీ చేసినట్టు చూపించండి, పాత వరసను లోపల ఉంచండి, స్క్రీను అడుగున "తిరిగి తెప్పించు" అన్న మాటను ఆ రోజంతా కనిపించనివ్వండి. ఒక కాలేజీ కోడు నాలుగు అక్షరాలు, బ్రాంచి కోడు మూడు, వరస సంఖ్య మహా అయితే మూడు అంకెలు. వంద ఆప్షన్లు కలిపినా వెయ్యి అక్షరాలు. ఒక్కో వెబ్‌సైటు కోసం మన బ్రౌజరు సుమారు అయిదు మెగాబైట్లు, అంటే యాభై లక్షల అక్షరాల చోటు ఇవ్వగలదు. చోటు లేదన్న మాట చెల్లదు.

పులివెందుల వాళ్ళకు బాగా తెలిసిన ఇంకొక చిక్కు చూద్దాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు పులివెందుల కొత్త రెవెన్యూ డివిజన్ అయింది. చిరునామా గడుల్లో జిల్లా ఎంచుకుంటే డివిజన్లు వస్తాయి, డివిజన్ ఎంచుకుంటే మండలాలు, మండలం ఎంచుకుంటే గ్రామాలు. లింగాల మండలం రైతు ఒకతను అన్నీ ఎంచుకుని, కింద చీనీ తోట ఎకరాలు, సర్వే నంబరు రాసి, పైన డివిజన్ పాతది పడిందని గమనించి మార్చాడనుకోండి. మార్చగానే కిందివన్నీ ఖాళీ అవుతాయి. మండలం, గ్రామం మళ్ళీ అడగడంలో అర్థముంది. సర్వే నంబరు, ఎకరాలు ఎందుకు తుడిచారు? డివిజన్ పేరు మారితే తోట చిన్నదీ కాదు, పెద్దదీ కాదు. ఏది దేనిమీద ఆధారపడి ఉందో ఆలోచించకుండా మొత్తం పేజీని కొత్తగా లాగడం వల్ల వచ్చే కష్టం ఇది.

ఫోటో విషయం మరీ ఘోరం. క్యాప్చా అక్షరం ఒకటి తప్పు పడితే ఫారం మొత్తం వెనక్కి వస్తుంది, మిగతా గడులు నిలిచినా ఫోటో మాత్రం మళ్ళీ ఎక్కించమంటుంది. ఇందులో బ్రౌజరుకు ఒక న్యాయమైన అడ్డంకి ఉంది. మన కంప్యూటరులోని ఫైలును మనం చూపించకుండా ఏ పేజీ తనంతట తాను తీసుకోకూడదు, అది మన రక్షణ కోసమే. కాబట్టి మొదటిసారి ఎక్కించినప్పుడే సర్వరు దాన్ని పక్కన భద్రంగా పెట్టుకోవాలి. ఆ పని చెయ్యని పేజీ ముందు జమ్మలమడుగు అవ్వ ఒకామె పింఛను దరఖాస్తు కోసం కూర్చుంటే, ఆమెకు అర్థమయ్యేది ఒక్కటే, తన ఫోటో బాగాలేదని.

ఇలాంటివి చేయమని చెప్పే ప్రమాణాలు ఉన్నాయి. వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ త్రీ సి సంస్థ అందరికీ అందుబాటు కోసం రాసిన నియమావళిలో, సమయం ముగిసేలోపు హెచ్చరించి, ఒక చిన్న చర్యతో గడువు పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని ఉంది. మళ్ళీ లాగిన్ అయితే నింపినది పోకుండా కొనసాగించనివ్వాలన్నది అందులోనే పై మెట్టు నియమం. 2023 అక్టోబరులో వచ్చిన 2.2 కూర్పులో, ఒకే పనిలో ఒకసారి చెప్పిన వివరాన్ని మళ్ళీ టైపు చేయించకూడదన్న నియమం చేరింది. మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్లకు 2009 నుంచి మార్గదర్శకాలు ఉన్నాయి, 2023లో మూడో కూర్పు వచ్చింది. కాగితం మీద కొరత లేదు. పేజీని ఆమోదించే అధికారి ఆ కాగితం చేతిలో పెట్టుకుని, తనే స్వయంగా ఒక దరఖాస్తు నింపి చూస్తే చాలు.

ఇప్పటిదాకా దాచమని అడిగాను. దాచకూడని చోటు కూడా ఉంది, అది చెప్పకపోతే నా మాట అపాయమవుతుంది. ఇంటర్నెట్ సెంటరులోని కంప్యూటరు అందరిదీ. పొద్దున ఒకరు ఆధార్ నంబరు కొడతారు, మధ్యాహ్నం ఇంకొకరు అదే గడిలో వేలు పెడితే మొదటివారి నంబరు జాబితాలా కిందికి జారుతుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డరు తెరిస్తే ఊళ్ళో సగంమంది ఆధార్ కార్డులు, ఆదాయ ధ్రువపత్రాలు, బ్యాంకు పుస్తకం మొదటి పేజీలు అక్కడే ఉంటాయి. ఇక్కడ తుడిచెయ్యడమే కాపాడటం. చిత్తుప్రతి ఆ కంప్యూటరులో కాదు, మన లాగిన్ కింద సర్వరులో ఉండాలి. అప్పుడు ప్రొద్దుటూరులో మొదలుపెట్టిన దరఖాస్తును మర్నాడు పులివెందులలో అక్క ఇంట్లో ఫోను మీద పూర్తి చేసుకోవచ్చు, మొదటి కంప్యూటరులో చిత్తుప్రతి మిగలదు. 2023లో వచ్చిన వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం మన వివరాలను సరిదిద్దమని, తుడిచెయ్యమని అడిగే హక్కును గుర్తించింది. ఆ హక్కు మొదలవ్వవలసిన చోటు ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డరే.

కాబట్టి సెంటరుకు వెళ్ళేవాళ్ళు బ్రౌజరులో ప్రైవేటు విండో తెరవమని అడగండి. పాస్‌వర్డు గుర్తుంచుకోమంటారా అని బ్రౌజరు అడిగితే వద్దనండి. లేచే ముందు లాగౌట్ అయి, మీ ఫైళ్ళు తుడిచి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించండి. ఆధార్ నకలు ఇవ్వవలసి వస్తే, అంగీకరించే చోట, మొదటి 8 అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. పెద్ద వరస నింపేటప్పుడు పది గడులకోసారి సేవ్ నొక్కి, స్క్రీనును ఫోనుతో ఫోటో తీసుకోండి. కాగితం మీద రాసుకున్న వరస సీటు చేతికి వచ్చేదాకా పారెయ్యకండి. పొడుగ్గా వాక్యాలు రాయవలసిన గడి ఉంటే ముందు నోట్‌ప్యాడ్‌లో రాసి, తర్వాత అతికించండి. డబ్బు కట్టేచోట పేజీ ఆగిపోతే రిఫ్రెష్ నొక్కకండి, బ్యాంకు సందేశం చూసుకున్నాకే ఇంకోసారి ప్రయత్నించండి. మంచి పేజీలు వచ్చేదాకా ఈ జాగ్రత్తలు తప్పవు. జాగ్రత్తలు మరిచిపోయిన పిల్లను మాత్రం కోప్పడకండి.

చివరగా ఒక మాట, మన జిల్లాలోనే ఈ విద్య నేర్చుకుంటున్న పిల్లలతో. పులివెందులలో 2006 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాల ఉంది, 2008 నుంచి ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగు కళాశాల ఉంది. ఆఖరి ఏడాది ప్రాజెక్టుల్లో చాలావాటిలో ఎక్కడో ఒకచోట ఫారం ఉంటుంది. మీ నాయనో, మీ చెల్లెలో ఇలాంటి సెంటర్ల ముందు ఒకప్పుడు నిలబడినవాళ్ళే. కాబట్టి ఫారం పూర్తయిందనుకున్నాక దాన్ని పరీక్షించే తీరు మార్చండి. అన్ని గడులూ సరిగ్గా నింపి సబ్మిట్ కొట్టి, డేటాబేసులో పడిందని చూసుకుని తృప్తిపడితే అది పరీక్ష కాదు. సగం నింపి నెట్టు కేబులు పీకండి, మళ్ళీ పెట్టండి, ఏం మిగిలిందో చూడండి. సగం నింపి కంప్యూటరు స్విచ్చి ఆపండి. సగం నింపి టీకి వెళ్ళి, సెషన్ గడువు తీరాక వచ్చి, లాగిన్ అవ్వండి. ఒక్క గడిలో కావాలని తప్పు రాసి సబ్మిట్ కొట్టి, మిగతా గడులు, ఫోటోతో సహా, నిలిచాయో లేదో చూడండి. క్లియర్ నొక్కి, తిరిగి తెప్పించండి. ఇంటిపేరులో చుక్క, ఖాళీ, రెండు అక్షరాల పొట్టి పేరు, తెలుగులో టైపు చేసిన పేరు, అన్నీ ఇచ్చి చూడండి. ఆ తర్వాత లాగౌట్ అయి, అదే కంప్యూటరులో వేరే మనిషి లాగిన్‌తో లోపలికి వెళ్ళి ఆధార్ గడి మీద నొక్కండి. ముందు మనిషి నంబరు కిందికి జారిందంటే, ఆ గడికి సూచనలు చూపించే ఏర్పాటును ఆపి, మళ్ళీ మొదటి పరీక్ష నుంచి మొదలుపెట్టండి.